తలుపు మూసుకోకపోతే తప్పు మాదేనా?

లోకల్ రైళ్ల తలుపుల తయారీ, నిర్వహణ చూస్తున్న ఇంజనీర్లకు, అధికారులకు ఒక నిత్య ప్రయాణికురాలి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నేను ముంబయి శివారు డోంబివిలిలో ఉంటాను. ఇరవై రెండేళ్లుగా లోకల్ రైలెక్కి ఉద్యోగానికి వెళ్లి వస్తున్నాను. మా నాన్న కరీంనగర్ జిల్లా నుంచి వచ్చి వర్లీలోని ఒక బట్టల మిల్లులో చేరారు. 1982 జనవరిలో మొదలైన సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మిల్లు పక్క చాల్‌లో, అంటే ఒంటిగది ఇళ్ల వరసలో, బతికిన కుటుంబాలు డోంబివిలి, కల్యాణ్, అంబర్‌నాథ్‌ల దాకా జరిగిపోయాయి. ఇల్లు దూరమైంది, పని మాత్రం దక్షిణ ముంబయిలోనే ఉండిపోయింది. అప్పటినుంచి మా ఇంట్లో మూడు తరాల పొద్దు రైలు వేళతోనే మొదలవుతోంది.

ఈ ఉత్తరం తెలుగులో ఎందుకు రాస్తున్నానని అడగవచ్చు. రైల్వే ఇంజనీర్లలో తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. ముంబయి లోకల్ పెట్టెలు తయారయ్యే చెన్నై ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలోనూ, రైళ్లు నిలిపి బాగుచేసే కార్‌షెడ్లలోనూ మన భాష చదవగలిగినవారు ఉన్నారు. ఈ మాటలు వారిలో ఒక్కరి చేతికి అందినా చాలు. పైగా నా మనసులోని భయాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలంటే నాకు వచ్చేది తెలుగే.

2025 జూన్ 9, సోమవారం పొద్దున. దివా, ముంబ్రా స్టేషన్ల మధ్య మలుపులో రెండు లోకల్ రైళ్లు ఎదురెదురుగా వెళ్లాయి. ఒకటి కసారా వైపు, మరొకటి కర్జత్ నుంచి సీఎస్‌ఎంటీకి, అంటే దక్షిణ ముంబయిలోని ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్‌కు. రెండింటిలోనూ జనం ఫుట్‌బోర్డుల మీద వేలాడుతున్నారు. ఒకరినొకరు తగిలి పట్టాల మీద పడిపోయారు. నలుగురు ఆ రోజే చనిపోయారు. నేను రోజూ దాటే మలుపు అది. ఆ తర్వాత వారం రోజులపాటు మా లేడీస్ బోగీలో ముంబ్రా వచ్చేసరికి మాటలు ఆగిపోయేవి. తలుపు దగ్గర ఉన్నవాళ్లు మధ్యలో ఉన్న కమ్మీని రెండు చేతులతో పట్టుకునేవారు.

ఆ ప్రమాదం తర్వాత రైల్వే శాఖ ఒక నిర్ణయం ప్రకటించింది. ముంబయికి కొత్తగా వచ్చే లోకల్ రైళ్లన్నిటికీ వాటంతట అవే మూసుకునే తలుపులు ఉంటాయి, ఇప్పుడున్న రైళ్లకూ అమరుస్తారు. ఏసీ లేని బోగీల్లో గాలి ఆడేలా తలుపులకు పలకల మధ్య సందులు పెడతారు, పైకప్పు మీద గాలి పంపే యంత్రాలు బిగిస్తారు, ఒక బోగీ నుంచి ఇంకో బోగీకి నడిచే దారి ఇస్తారు. నేను ఈ నిర్ణయాన్ని మనసారా స్వాగతించాను. ముంబయి లోకల్ పట్టాల మీద ఏటా రెండు వేలమందికి పైగా ప్రాణాలు పోతున్నాయి. పట్టాలు దాటుతూ పోయేవారు ఎక్కువ, రైల్లోంచి జారిపడి పోయేవారు కూడా వందల్లోనే ఉంటారు. తలుపు మూయాల్సిందే. ఆ విషయంలో నాకు రెండో మాట లేదు.

నా ఆవేదన ఆ తలుపు పనితీరు గురించి. అది మొరాయించినప్పుడల్లా నేరం మా మీదకు వచ్చి పడటం గురించి.

గత వానాకాలంలో ఒక సాయంత్రం ఏసీ లోకల్ ఎక్కాను. ఏ మార్గమో, ఏ రైలో రాయను. ఆ రోజు డ్యూటీలో ఉన్నవారిని వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. నేను తలుపుకు రెండు అడుగుల దూరంలో ఉన్నాను. బీప్ శబ్దం వచ్చింది, రెండు రెక్కలూ దగ్గరకు వచ్చాయి, నడుమ ఒక అబ్బాయి వీపు సంచి చిక్కింది. రెక్కలు వెనక్కి వెళ్లాయి. అబ్బాయి సంచిని ముందుకు తిప్పి పొట్టకు హత్తుకున్నాడు. మళ్లీ రెక్కలు వచ్చాయి. ఈసారి చిక్కింది ఎవరి మోచేయో తెలియదు. మూడోసారి ఏమీ అడ్డం లేకుండానే వేలెడు సందు మిగిల్చి ఆగిపోయాయి. ఆ సందులోంచి వాన జల్లు నా మణికట్టు మీద పడుతోంది. స్పీకర్లో గొంతు అదే పనిగా చెబుతోంది: తలుపుల దగ్గర నిలబడకండి, తలుపులకు అడ్డం రాకండి. తలుపు దగ్గర కాక ఎక్కడ నిలబడాలి? నా వెనక ఉన్న పెద్దావిడ వక్షస్థలం నా భుజానికి నొక్కుకుని ఉంది, ఆమె ఊపిరి తీసినప్పుడల్లా నాకు తెలుస్తోంది. చివరికి ప్లాట్‌ఫారం మీద ఉన్న ఇద్దరు కుర్రాళ్లు బయటినుంచి రెండు చేతులతో రెక్కలను నెట్టారు. క్లిక్‌మని మూసుకున్నాయి. రైలు కదిలింది. ఆ ఇద్దరూ ఎక్కలేకపోయారు.

ఆ రెక్కలు మూడోసారి ఎందుకు ఆగిపోయాయో నేను తర్వాత ఒక చివరి స్టేషన్‌లో చూశాను. ఖాళీ రైల్లో ఒక శుభ్రం చేసే కార్మికుడు గుమ్మం దగ్గర కూర్చుని, తలుపు జారే గాడిలోంచి ఇనుప పుల్లతో చెత్త గీకుతున్నాడు. నేను వంగి చూశాను. గుట్కా పొట్లాల ముక్కలు, కంకర నలుసులు, తడిసి ముద్దయిన టికెట్లు, జుట్టుకు పెట్టుకునే ఒక పిన్ను, ఒక చెవి దిద్దు కొక్కెం. అదంతా వాన నీటిలో నాని బంకలాగా గట్టిపడింది. "ఎన్ని తలుపులు చేయాలి?" అని హిందీలో అడిగాను. "అన్నీ" అన్నాడు. "ఎంత సేపట్లో?" అంటే నవ్వి, రైలు మళ్లీ బయలుదేరే వేళ చూపించే బోర్డు వైపు గడ్డం ఎత్తాడు.

మీకు తెలియనిది కాదు గానీ, చదివేవారి కోసం ఒక లెక్క చెబుతాను. సీఎస్‌ఎంటీ నుంచి కల్యాణ్‌కు స్లో లోకల్ ఆ రెండింటితో కలిపి 26 స్టేషన్లలో ఆగుతుంది. ఒక రైలు రోజుకు పది విడతలు తిరిగిందనుకుందాం. ఏదో ఒక పక్క తలుపులు రోజుకు 260 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. ఏడాదికి మూడు వందల రోజులు తిరిగినా 78 వేల సార్లు. ఆ ప్రతిసారీ రెక్కకు ఆనుకుని మనిషి భారం ఉంటుంది. మామూలు రైల్లో కూర్చునేవారు పోను నిలబడేవారిని లెక్కిస్తే, రద్దీ వేళల్లో ముంబయి లోకల్‌లో చదరపు మీటరుకు 14 నుంచి 16 మంది ఉంటారని రైల్వేవారే చెబుతారు. ఆ కిక్కిరిసిన స్థితికి మీ పుస్తకాల్లో ఒక ప్రత్యేకమైన పేరు కూడా ఉంది. పేరు పెట్టారంటే అది మీకు అనుకోకుండా వచ్చిన పరిస్థితి కాదు. అలాంటప్పుడు తలుపు ఆ రద్దీలో మూసుకోలేకపోతే, అది రద్దీ చేసిన తప్పు ఎలా అవుతుంది? వానకు కారుతోందని గొడుగును తప్పు పట్టవచ్చు గానీ, వానను తప్పు పట్టగలమా?

ఒక తలుపు చేసే పని చిన్నది. అది పాడైతే జరిగే నష్టం మాత్రం పెద్దది. వినాయక చవితి పందిళ్లకు ఇదివరకు కట్టిన సీరియల్ బల్బుల తోరణం గుర్తుందా? ఒక బల్బు పోతే తోరణమంతా ఆరిపోయేది. రైలు తలుపుల వ్యవస్థా అలాంటిదే. ప్రతి తలుపూ పూర్తిగా మూసుకుని గొళ్లెం పడిందని చెప్పే స్విచ్‌లు వరుసగా కలిసి ఉంటాయి. అన్నీ అవునంటేనే మోటార్‌మ్యాన్‌కు రైలు నడిపే అనుమతి వస్తుంది. ఒక్క స్విచ్ కాదంటే పన్నెండు బోగీలూ కదలవు. వెనక మూడు నాలుగు నిమిషాల్లో ఇంకో రైలు ఉంటుంది, దాని వెనక మరొకటి. దాదర్‌లో ఒక తలుపు రెండు నిమిషాలు మొండికేస్తే ఠాణేలో ప్లాట్‌ఫారం నిండిపోతుంది. అలా నిండిన జనం తర్వాతి రైలు మీద పడితే దాని తలుపులు ఇంకా మూసుకోవు. ఒక తలుపు జాప్యం ఇంకో తలుపు జాప్యాన్ని కంటుంది.

పాత రైళ్లలో ఈ బాధ లేదు. తెరిచి ఉన్న గుమ్మం ఎన్నడూ పాడవలేదు, ఎన్నడూ రైలును ఆపలేదు. అందుకే కొందరు ప్రయాణికులు కొత్త తలుపులను చూసి ముఖం చిట్లిస్తారు. వాళ్లు ప్రాణం మీద తీపి లేనివారు కాదు. తొమ్మిదిన్నరకు హాజరు వేయకపోతే సగం రోజు జీతం పోయేవారు. గుమ్మంలో నిలబడేవారిని గాలి కోసం, సరదా కోసం నిలబడతారని బయటివారు అనుకుంటారు. లోపలికి వెళితే తమ స్టేషన్‌లో దిగలేరు కాబట్టి నిలబడతారు. ఘాట్‌కోపర్‌లో దిగాల్సినవాడు ఠాణే దాటకముందే గుమ్మం వైపు జరగడం మొదలుపెట్టాలి. మీ తలుపు రూపకల్పనలో ఈ మనిషికి చోటుందా? అతను మూసిన తలుపుకు ఆనుకునే ఉంటాడు, వేరే దారి లేదు.

మొదటి ఏసీ లోకల్ 2017 డిసెంబర్ 25న పశ్చిమ మార్గంలో బోరివలి నుంచి చర్చిగేట్‌కు నడిచింది. అంటే తలుపుల రైలు మనకు కొత్త కాదు, ఏళ్ల తరబడి అనుభవం ఉంది. 2022 ఆగస్టులో కల్వా, బద్లాపూర్ ప్రయాణికులు మామూలు రైళ్ల స్థానంలో ఏసీ రైళ్లు పెట్టినందుకు పట్టాల మీదకు వచ్చారు, ఆ నెలలోనే మధ్య రైల్వే పది ఏసీ సర్వీసులను వెనక్కి తీసుకుంది. అప్పటి గొడవను ఛార్జీల గొడవగానే చాలామంది చూశారు. నేను దాన్ని చోటు గొడవగా చూస్తాను. ఎక్కలేకపోయినవాడికి తలుపు అంటే గోడే.

హైదరాబాద్‌లో మా చెల్లెలు ఉంటుంది. మెట్రోలో తలుపులు చక్కగా మూసుకుంటాయి కదా అక్కా, మీకేమిటి బాధ అంటుంది. మెట్రోకు తన పట్టాలు తనవే. ఇక్కడ లోకల్ పోయే పట్టాల మీదే చాలాచోట్ల దూరప్రాంత రైళ్లూ పోతాయి. పోలికకు దగ్గరైనది అక్కడి ఎంఎంటీఎస్. 2003 ఆగస్టు 9న మొదలైన ఆ రైళ్లు ఇప్పటికీ తెరిచిన గుమ్మాలతోనే తిరుగుతున్నాయి, ఎక్స్‌ప్రెస్ రైళ్లకు దారి ఇస్తూ ఆగుతుంటాయి. లింగంపల్లి, ఫలక్‌నుమా, మేడ్చల్ ప్రయాణికులు ఈ లేఖ చదివితే తమకు సంబంధం లేదనుకోవద్దని మనవి. ముంబయిలో ఈ తలుపులు ఎలా పనిచేస్తాయో, రేపు మీ దగ్గర తలుపుల మాట వచ్చినప్పుడు దాన్నే ఉదాహరణగా చూపిస్తారు.

ఇక నన్ను నిద్రపోనివ్వని విషయానికి వస్తాను. తలుపు మూసుకోకపోతే ఆలస్యం. తెరుచుకోకపోతే?

2025 ఆగస్టు 19న, కుండపోత వానలో, ముంబయి మోనోరైలు మైసూర్ కాలనీ దగ్గర ఆకాశంలో వేలాడినట్టు ఆగిపోయింది. 104 టన్నులకు తయారైన రైలు 109 టన్నులు మోస్తోందని, ఆ బరువుకు కరెంటు అందించే పట్టాతో సంబంధం తెగిందని ఆ సంస్థే చెప్పింది. ఏసీ ఆగింది, తలుపులు మూసే ఉన్నాయి. అగ్నిమాపక దళం నిచ్చెనలు వేసి 582 మందిని దించింది. గంటల తరబడి లోపలివారు ఊపిరాడక అల్లాడారు. దానికంటే ఎన్నో రెట్ల జనంతో ఒక లోకల్ రైలు కల్వా, ముంబ్రాల మధ్య నీళ్లలో ఆగిపోతే ఏం జరుగుతుంది? ప్రతి వానాకాలంలో అలా ఆగుతూనే ఉంది. ఇప్పటిదాకా గుమ్మాలు తెరిచి ఉండేవి కాబట్టి గాలి ఆడింది. పైకప్పు మీది యంత్రాలకు కరెంటు పోతే బ్యాటరీ ఎంత సేపు గాలి పంపుతుంది? తలుపు సందుల్లోంచి మాత్రమే వచ్చే గాలి నిండు రైలుకు సరిపోతుందా? మనుషులను నింపి పరీక్షించారా? ఇసుక బస్తాలు బరువు ఇస్తాయి గానీ అవి ఊపిరి తీయవు.

జపాన్ ఈ పాఠాన్ని రెండుసార్లు రక్తంతో నేర్చుకుంది. 1951 ఏప్రిల్ 24న యొకొహామాలోని సాకురగిచో స్టేషన్ దగ్గర తెగి వేలాడిన కరెంటు తీగ తగిలి రైలు అంటుకుంది. తలుపులు తెరుచుకోలేదు. చేత్తో తెరిచే ఏర్పాటు ఉన్నా, అది ఎక్కడుందో ప్రయాణికులకు ఎవరూ చెప్పలేదు. కిటికీలు మనిషి దూరనంత చిన్నవి. 106 మంది చనిపోయారు. ఆ తర్వాత అత్యవసర పిడులు ఎక్కడున్నాయో అందరికీ కనబడేలా రాశారు. 1962 మే 3న టోక్యోలోని మికవాషిమా దగ్గర ఒక రైలు గూడ్సు బండిని ఢీకొని ఆగింది. ఈసారి ప్రయాణికులకు పిడి సంగతి తెలుసు. తిప్పారు, పట్టాల మీదకు దిగారు. అటుగా వచ్చిన మరో రైలు వాళ్ల మీదకు దూసుకుపోయింది. 160 మంది పోయారు.

మన దగ్గరా 2025 జనవరిలో జల్‌గావ్ జిల్లాలో అదే జరిగింది. మంటలంటుకున్నాయన్న పుకారుతో పుష్పక్ ఎక్స్‌ప్రెస్ నుంచి దిగినవారిని పక్క లైన్లో వచ్చిన కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఢీకొట్టింది. పిడి ఉంటే సరిపోదు. దాన్ని ఎప్పుడు తిప్పాలో తెలియాలి, తిప్పగానే పక్క లైన్లో రైళ్లు ఆగే ఏర్పాటు ఉండాలి, ఆ పది నిమిషాలు లోపలివారితో మాట్లాడే గొంతు ఉండాలి. చీకట్లో, ఉక్కపోతలో, ఏం జరిగిందో తెలియకుండా నిలబడిన మనుషులు ఎంత సేపు ఓపిక పడతారో, వాళ్లకు అందే మాటను బట్టి ఉంటుంది.

ఆ మాట గురించే నా పెద్ద ఫిర్యాదు. తలుపు మొరాయించి రైలు ఆగినప్పుడు మాకు వినిపించేది రెండే: "సాంకేతిక కారణాల వల్ల", లేదా "తలుపులకు అడ్డం రావద్దు". మూడో బోగీ రెండో తలుపు పాడైంది, తాళం వేసి మూసేస్తున్నాం, ఆ గుమ్మంలో దిగాల్సినవారు పక్క తలుపుకు జరగండి అని ఎవరైనా చెబితే మేమే సర్దుకుంటాం. లోకల్‌లో సర్దుకోవడం మాకు ఎవరూ నేర్పక్కర్లేదు. ముగ్గురు కూర్చునే సీట్లో నాలుగోవారిగా అంచు మీద సగం శరీరంతో గంటసేపు కూర్చునే జనం మేము. పరిగెత్తుకొచ్చే అమ్మాయికి ఎవరో తెలియకపోయినా చెయ్యందించి లోపలికి లాగే జనం. పాడైన తలుపుకు బయటివైపు పెద్ద గుర్తు పెట్టండి. ప్లాట్‌ఫారం మీద ఆ గుమ్మం ముందు యాభై మంది నిలబడి, అది తెరుచుకోదని చివరి క్షణంలో తెలిసి, పక్క గుమ్మానికి పరిగెత్తితే జరిగేది తొక్కిసలాటే.

పలుచని బట్ట సంగతి కూడా మరవకండి. సంచిని, మోచేతిని గుర్తించే తలుపు చున్నీ కొసను, చీర కొంగును అంత సులువుగా గుర్తించదు. కొంగు బయట చిక్కుకుని రైలు కదిలితే లోపలి మనిషి ఏం చేయాలి? పరీక్షకు కొయ్యముక్కలు పెడతారని చదివాను. నిజమైన నూలు చీర, తడిసిన నైలాన్ చున్నీ, ఫోను చార్జర్ తీగ, పిల్లవాడి బ్యాగు పట్టీ పెట్టి చూడండి. చేపల గంప కూడా. పొద్దున్నే లగేజీ బోగీ ఎక్కే కోలీ జాలరి ఆడవాళ్ల గంపల్లోంచి కారే ఉప్పునీళ్లు మీ గాడిని ఏం చేస్తాయో మీ ప్రయోగశాలలో కన్నా ససూన్ డాక్ చేపల మార్కెట్ నుంచి వచ్చేవారిని అడిగితే తెలుస్తుంది.

గాడి శుభ్రం చేసే ఆ కార్మికుడికి మరో ఇద్దరిని తోడివ్వండి, పావుగంట ఎక్కువ ఇవ్వండి. ఈ లేఖలో అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో అయ్యే పని ఇదే. కొత్త రైలు తెచ్చిన రోజు రిబ్బన్ కత్తిరించడానికి ఎంతమంది వస్తారో నాకు తెలుసు. ఆ రైలు మూడో వానాకాలంలోనూ మొదటి రోజులాగే తలుపు వేసుకోవాలంటే రాత్రి రెండు గంటలకు కార్‌షెడ్‌లో టార్చి పట్టుకుని రబ్బరు అంచులు తడిమి చూసే మనిషి కావాలి. ఆదివారం మెగాబ్లాక్ పెట్టి, అంటే కొన్ని గంటలు రైళ్లు ఆపి, పట్టాలు బాగుచేస్తామంటే మేము గొణుక్కుంటూనైనా ఒప్పుకుంటాం. తలుపుల కోసం రైళ్లను వంతులవారీగా ఆపి బాగుచేస్తామన్నా ఒప్పుకుంటాం. ముందుగా చెప్పండి చాలు.

ఇంకొకటి అడుగుతున్నాను, ఇది మీకు నచ్చకపోవచ్చు. ప్రతి నెలా ఏ మార్గంలో ఎన్నిసార్లు తలుపులు మొరాయించాయో, అందులో ఎన్ని యంత్రం వల్ల, ఎన్ని రద్దీ వల్ల, ఎన్ని చెత్త వల్ల అన్నది పెద్ద స్టేషన్లలో బోర్డు మీద రాయండి. రద్దీ వల్ల అని తేలినవాటి పక్కన ఆ వేళకు ఎన్ని రైళ్లు రద్దయ్యాయో కూడా రాయండి. అప్పుడు అడ్డం వచ్చింది మేమో, ముందు రైలు రాకపోవడమో అందరికీ కనిపిస్తుంది.

మా అమ్మాయికి పదిహేడేళ్లు. ఈ జూన్ నుంచి కాలేజీకి లోకల్‌లో వెళ్తుంది. మొన్న ఆదివారం జనం తక్కువగా ఉన్న ఏసీ లోకల్‌లో తనను తీసుకెళ్లి, తలుపు పక్కన గాజు మూత వెనక ఉన్న ఎర్ర పిడిని చూపించాను. "ఇది తిప్పితే తలుపు తెరుచుకుంటుందా అమ్మా?" అని అడిగింది. తెరుచుకుంటుందని చెప్పాను. "తెరుచుకున్నాక దిగాలా, వద్దా?" అంది. నేను ఆ పిడి పక్కనున్న అక్షరాలన్నీ రెండుసార్లు చదివాను. ఆ ప్రశ్నకు జవాబు అక్కడ లేదు. అది మీరు రాయాలి. మరాఠీలో, హిందీలో, గుజరాతీలో, తెలుగులో, పెద్ద అక్షరాలతో, వానలు మొదలయ్యేలోపు రాయండి.

ఇట్లు,
డోంబివిలి నుంచి
ఒక నిత్య ప్రయాణికురాలు